పళ్లు తోమితే కొబ్బరికాయ

దేవుడికి కాయ కొడితే పుణ్యం వస్తుందంటారు. ఎవరికి వచ్చిందో నాకు తెలియదు. నేను కొట్టిన ఒకే ఒక్క కాయ మాత్రం మెదక్‌లో మా ఇంటిని, మా గల్లీని, టేక్మాల్‌లో మా చెల్లెలి గృహప్రవేశాన్ని, చివరికి పాపం పుణ్యం ఎరగని ఒక పళ్ల దవాఖానాను కూడా ఆగం చేసింది. నాలుగేళ్ల కింద నేను చేసిన ఆ ఘనకార్యం ఇప్పుడు చెప్తాను. నవ్వు వస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. పొద్దున పళ్లు తోముకోకుండా ఇది చదువుతున్నవాళ్లు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వండి.

నాకు అక్షరం వచ్చింది యాభై ఏడో ఏట. అప్పటిదాకా వేలిముద్రే. మా కోడలు కవిత వంటింట్లో పళ్లెం నిండా బియ్యం పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించింది. ముసలితనంలో పెళ్లయినవాడికి పెళ్లాం మీద ఎంత మోజుంటుందో నాకు రాత మీద అంత మోజు. పెన్ను దొరికితే చాలు, గోడ కనపడితే చాలు. పప్పు డబ్బా మీద ‘పప్పు’ అని రాశాను, బాగానే ఉంది. పప్పు లేని డబ్బా మీద ‘పప్పు లేదు’ అని కూడా రాశాను. ఫ్రిజ్ మీద ‘తలుపు మెల్లగా వెయ్యాలి’. స్నానాల గదిలో ‘నీళ్లు చూసి వాడాలి’. మా ఆయన మంచం తల దగ్గర ‘గురక పెట్టరాదు’. మా ఆయన ట్రాక్టర్ మెకానిక్‌గా చేసి మానేసిన మనిషి, మాట తక్కువ. అది చదివి, “నిద్రల గెట్ల సదువుతరే” అని మాత్రం అడిగాడు.

ఇంట్లో నా రాతల్ని మర్యాదగా చదివే ప్రాణి ఒక్కతే. మా కొడుకు మహేశ్ బిడ్డ, చైత్ర. అప్పటికి దానికి ఏడేళ్లు. ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. మాటల దగ్గర పిల్ల మహా పిసినారి, రోజుకు నాలుగు మాటలు బయటికి తీస్తే పండగ. చదవడంలో మాత్రం ధారాళం. బస్సు బోర్డు, సబ్బు కాగితం, ఎరువుల బస్తా, ఏది కనపడితే అది గడగడా చదివేది. నేను యాభై ఏడేళ్లకు పట్టుకున్న విద్యను అది నాలుగేళ్లకే, ఎవరూ నేర్పకుండానే పట్టుకుంది. కొంచెం కుళ్లుకున్నాను, దాచడం ఎందుకు. ఇంకో గుణం కూడా ఉంది దానికి. రాసి ఉన్నదంటే జరగాల్సిందే. మనం గోడ మీద ‘ఉమ్మరాదు’ అని చదివి అక్కడే ఉమ్మేసే రకం. చైత్ర ఆ రకం కాదు.

ఇక పళ్ల సంగతి. పళ్లు తోముకోవడం మనకు ఒక పనే కాదు. బ్రష్షు నోట్లో పెట్టుకుని పాలవాడితో కొట్లాడతాం, పేపరు చూస్తాం. చైత్రకు అట్లా కాదు. బ్రష్షు పోచలు తగిలితే దానికి తుమ్మముళ్లు గుచ్చినట్టు. పేస్టు మనకు చల్లగా ఉంటుంది, దానికి పచ్చిమిరపకాయ కొరికినట్టు. నురగ పెరుగుతుంటే నోట్లో ఏదో ప్రాణి పెరుగుతున్నట్టు. పైగా ఈ బాధ ఎప్పుడు అయిపోతుందో దానికి తెలియదు. ఇవన్నీ పిల్లకు మాటలు నేర్పే థెరపీ మేడం చెప్పాక తెలిసినవి. చెప్పకముందు నాకు తెలిసింది ఒక్కటే, పిల్ల మొండిది అని. తెలియనిదానికి పేరు పెట్టడం మహా సులువు.

అప్పటి మా పద్ధతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నేను కాళ్లు, మా ఆయన చేతులు, మహేశ్ బ్రష్షు. మేకపిల్లకు మందు తాగించినట్టు రోజూ కుస్తీ. పక్కింటి సుగుణ గోడ మీంచి తల పెట్టి, ఎవరిని చంపుతున్నామో చూసి పోయేది. ఐదు నిమిషాల యుద్ధానికి రెండు పళ్లకు బ్రష్షు తగిలితే గొప్ప. మిగిలిన పేస్టంతా మా ఆయన మీసాలకు. ఆ మీసాలకు ఇప్పటిదాకా పుచ్చు రాలేదు. పిల్ల కింది దవడ పన్ను మాత్రం పుచ్చిపోయింది.

మా ఊళ్లోనే ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది, చిన్న వయసు, నిదానం మనిషి. ఆమె దగ్గరికి తీసుకుపోతే చైత్ర ఒక్కసారే నోరు తెరిచింది, అది కూడా ఆమె వేలు కొరకడానికి. డాక్టరమ్మ వేలు విదిలించుకుంటూ కవితతో చెప్పింది. “రెండు నెలలు టైమిస్తున్నమ్మా. పాప తనంతట తాను కుర్చీల కూసోని నోరు తెరిస్తే మందు పూసి ఇక్కడ్నే నయం జేస్త. తెర్వకపోతే మాత్రం హైదరాబాద్ తీస్కపోయి, మత్తిచ్చి పన్ను తీపియ్యాల్సి వస్తది.”

కవిత పిల్లను దగ్గరికి లాక్కుంది. అంతకు ముందు ఏడాది జ్వరానికి హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో మూడు రోజులుంటే, ఇంటికొచ్చాక నెల దాకా పిల్ల నోట ఒక్క మాట రాలేదు. సూదులు, లైట్లు, తెలియని చేతులు. మళ్లీ అక్కడికే తీసుకుపోతే ఉన్న నాలుగు మాటలూ పోతాయని కవిత భయం. ఆ భయం మా అందరిదీ.

అప్పుడు థెరపీ మేడం మార్గం చెప్పింది. పట్టుకోవడం బందు అంది మొట్టమొదట. చిన్న తల ఉన్న మెత్తటి బ్రష్షు, వాసనా కారమూ లేని పేస్టు, అది కూడా బఠాణీ గింజంత. మొదటి వారం బ్రష్షు చేతిలో పట్టుకుంటే చాలు. తర్వాత చెంపకు తాకిస్తే చాలు, తర్వాత పెదవికి. తోమే ముందు పిల్ల అరచేతులు, దవడలు గట్టిగా, నిదానంగా ఒత్తాలి. మొదలెప్పుడో చివరెప్పుడో ముందే తెలియాలి, కాబట్టి పదిదాకా లెక్కపెట్టి ఆపెయ్యాలి. కవిత అన్నీ చేసింది. నేను పక్కన నిలబడి, “గిట్లయితే పండ్లు తోముడు దాని పెండ్లినాటికైతది” అంటూ ఉండేదాన్ని. సాయం చేయలేనివాళ్లు ఊరికే ఉండరు కదా, ఏదో ఒకటి అంటారు.

దళసరి కాగితం మీద కవిత ఒక చార్టు రాసి, బొమ్మలు గీసి, వాష్‌బేసిన్ పక్కన అంటించింది. ఒకటి, బ్రష్షు పట్టుకోవాలి. రెండు, పేస్టు పెట్టుకోవాలి. మూడు, పై పళ్లు పది. నాలుగు, కింది పళ్లు పది. ఐదు, ఉమ్మెయ్యాలి. ఆరు, నోరు కడుక్కోవాలి. అన్నిటి కింద కొంత జాగా వదిలి, నవ్వు ముఖం గీసి ‘అయిపోయింది’ అని రాసింది.

ఆ జాగా వదలడమే కవిత చేసిన ఒక్క తప్పు. ఇంట్లో నాలాంటిది ఉందని మరిచిపోయింది.

నెల దాటాక ఒక పొద్దున, ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ బతిమాలకుండా, చైత్ర స్టూలు మీద నిలబడి చార్టు చదువుకుంటూ ఒకటి నుంచి ఆరు దాకా తానే చేసేసింది. పై పళ్లు పది, కింది పళ్లు పది. కవిత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా ఆయన పేస్టు అంటని మీసాలను తడిమి చూసుకున్నాడు. నేనేం చేశాను? మన దగ్గర కొత్త బండి కొంటే కాయ, బోరు వేస్తే కాయ, బోర్లో నీళ్లు పడితే ఇంకో కాయ. ఇంత పెద్ద గెలుపుకు కాయ కొట్టకుండా ఎట్లా? శుక్రవారం కోసం దేవుడి దగ్గర పెట్టిన కాయ తీసుకొచ్చి, వాకిట్లో బండ మీద టప్పున కొట్టాను.

కొట్టాక గాని చప్పుడు సంగతి గుర్తుకు రాలేదు. మిక్సీ వేస్తే మూల గదిలోకి పారిపోయే పిల్ల అది. తిరిగి చూస్తే, రెండు చెవులూ మూసుకుని గడపలో నిలబడి ఉంది. రెండు చిప్పలనూ చూసింది. నవ్వింది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కోతికి కొబ్బరికాయ దొరికితే కాసేపు ఆడుకుని వదిలేస్తుంది. నాకు కొబ్బరికాయతో పాటు పెన్ను కూడా దొరికింది. తిన్నగా పోయి, చార్టులో ఆరుకీ నవ్వు ముఖానికీ మధ్యనున్న జాగాలో, నాలుక బయటపెట్టి, పావుగంట కష్టపడి రాశాను. ‘ఏడు, కొబ్బరికాయ కొట్టాలి.’ పక్కన గుండ్రంగా ఒక బొమ్మ కూడా వేశాను. అది కాయలాగా లేదు, బోడిగుండు సర్పంచిలాగా ఉంది. అయినా నాకు ముద్దుగానే కనిపించింది.

ఆ సాయంత్రం చైత్ర రెండోసారి పళ్లు తోముకుంది. ఆరూ చేసింది. మూతి తుడుచుకుంది. తర్వాత చార్టు మీద వేలు పెట్టి చదివింది. వచ్చి వాకిట్లో బండ పక్కన నిలబడి, రెండు చెవులూ మూసుకుంది.

“గది పొద్దుగాలటిది బిడ్డా. కొట్టినం గదా” అన్నాను.

“ఏడోది గాలే.”

“రేపు కొడ్దాం తియ్.”

“ఏడోది గాలే.”

ఇంట్లో కాయ లేదు. పిల్ల కదలదు. ‘అయిపోయింది’ అనే మాట కాయకు అవతల ఉంది మరి, అది దాటకుండా పిల్ల అక్కడికెట్లా పోతుంది? చెవులు మూసుకున్న చేతులు అట్లాగే ఉన్నాయి. మా ఆయన చెప్పులు వేసుకుంటూ, “శాసనం రాసింది నువ్వు, కాయ మోసేది నేను” అని బజారుకు నడిచాడు.

ఆ రోజు నుంచి పొద్దున ఒక కాయ, సాయంత్రం ఒక కాయ. కొట్టేది నేనే కావాలి, ఎందుకంటే మొదటిసారి కొట్టింది నేను. మహేశ్ కొడితే చెల్లదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. మా ఇంట్లో రాత రాయనేల, చిప్పలు ఏరనేల. రోజూ కొబ్బరి పచ్చడే. తర్వాత కొబ్బరన్నం, కొబ్బరి లౌజు, కొబ్బరి వేసిన చామగడ్డ, కొబ్బరి వేసిన కోడికూర. మహేశ్ డబ్బా మూత తీస్తే ఆఫీసులో వాళ్లు, “ఏం మహేశూ, మెదక్ ఇడిసి కోనసీమకు పోయిన్రా” అని అడిగారట. మిద్దె మీద ఎండబెట్టిన కొబ్బరి కుడకలు చూసి కాకులు కూడా విసుక్కుని వేరే గల్లీకి పోయాయి.

పదో రోజు సుగుణ గోడ మీంచి తల పెట్టింది.

“ఏం మొక్కున్నదే అక్కా? దినాం రెండు కాయలు కొడుతుండ్రు.”

“మొక్కేం లేదు. పండ్లు తోముకుంటున్నం.”

సుగుణ చిప్పల వైపు, నా నోటి వైపు చూసింది. “మేం గూడ తోముకుంటం అక్కా. గింత ఆర్భాటమైతే చెయ్యం.”

థెరపీ మేడంకు చెబితే ఆమె ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపుకుని గట్టిగా హెచ్చరించింది. ఉన్నదాన్ని ఒక్కసారిగా తీసెయ్యొద్దట. మార్చాలంటే పిల్లకు ముందే చెప్పి, చూపించి, కొద్దికొద్దిగా మార్చాలట. ఏం మార్చినా డాక్టరమ్మ దగ్గరికి పోయొచ్చాకే అంది. కవిత పుస్తకంలో రాసుకుంది. నేను మాత్రం ‘తీసెయ్యి’ అన్న మాట దగ్గర చెవి పెట్టి, ‘వద్దు’ దగ్గర చెవి తీసేశాను.

అప్పుడే టేక్మాల్‌లో మా చెల్లె యశోద కొత్త ఇంటి గృహప్రవేశం. పొద్దున్నే పోయి కూర్చున్నాను. అయ్యగారు మంత్రాలు చదువుతున్నాడు, గడప ముందు పళ్లెంలో పసుపు పూసిన కాయ తయారుగా ఉంది. అప్పుడు నా ఫోన్ మోగింది. వీడియోలో కవిత. వెనక వాకిట్లో చెవులు మూసుకుని చైత్ర.

“అత్తమ్మా, ఏడోది. గంట సేపటి సంది గట్లనే నిలవడ్డది. బడికి టైమైతున్నది.”

చుట్టూ చూశాను. దుకాణం దూరం. గంట నుంచి ఎండలో నిలబడ్డ పిల్ల. పళ్లెంలో కాయ. ఇక నన్నెవరు ఆపుతారు? ఫోను పూజారి గారి చేతికిచ్చి, “జర గట్లనే వట్టుకోండ్రి అయ్యగారూ, పిల్లకు కనవడాలె” అని, పళ్లెంలో కాయ తీసి గడప ముందు కొట్టేశాను. ఫోన్లో చైత్ర ‘అయిపోయింది’ అంది. ఇక్కడ మంత్రం కూడా అయిపోయింది, మధ్యలోనే.

యశోద పట్టుచీరలో నిలబడి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

“నా ఇంటికి నేను కొట్టకముందే నువ్వెట్ల కొడ్తవక్కా?”

“పిల్ల పండ్లు తోముకున్నదే” అన్నాను.

టేక్మాల్‌లో ఆ రోజు నాకు బుద్ధి మాంద్యమని వంద మంది ఒప్పుకున్నారు. అన్నం పెట్టేటప్పుడు కూడా నా మీద జాలితో రెండుసార్లు వడ్డించారు.

బస్సులో తిరిగొస్తూ నిశ్చయించుకున్నాను. నా రాతే కదా, నేనే తుడుస్తాను. ఇంటికొచ్చి, కవిత లేని సమయం చూసి, మైదాపిండితో జిగురు ఉడికించి, ఏడో వరస మీద తెల్ల కాగితం అంటించేశాను. చేతులు దులుపుకుని, ఎంత తెలివో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. అది శుక్రవారం. డాక్టరమ్మ ఇచ్చిన గడువు సోమవారం.

సాయంత్రం చైత్ర స్టూలెక్కింది. చదవడం మొదలుపెట్టింది. ఆరు దాకా వచ్చింది. ఏడు దగ్గర తెల్ల కాగితం మీద వేలు పెట్టింది. గోటితో అంచు గీకింది. తర్వాత నా వైపు చూసింది. ఆ పిల్ల మనుషుల కళ్లలోకి సూటిగా చూడటం తక్కువ. ఆ రోజు చూసింది. బ్రష్షు కింద పెట్టి, స్టూలు దిగి, గదిలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

శనివారం పళ్లు తోమలేదు. నోరు తెరిచి సరిగ్గా అన్నం కూడా తినలేదు. బ్రష్షు దగ్గరికి తీసుకుపోతే పెదవులు బిగించేది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను కాయను ఊడగొట్టబోయి దాదాపు రెండు నెలల కోడలి కష్టాన్ని ఊడగొట్టాను.

కవిత అరవలేదు. అరిస్తే బాగుండేది, నాకు తిరిగి అరవడం వచ్చు. ఆమె వంటింట్లో నా ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పింది.

“కాయలు కొట్టుడు నాకు బరువు గాదు అత్తమ్మా. దానికి ఈ ఇంట్ల నమ్మకమైన జాగ గా చార్టు ఒక్కటే. ఏది రాస్తే గదే అయితదని నమ్మింది. ఎల్లుండి గా కుర్చీల నోరు తెరువకపోతే నేను దాన్ని హైదరాబాద్ ఎట్ల తీస్కపోవాలె?”

ఒకరి ముందు నేను తల వంచడం నా జీవితంలో అదే మొదలు. మా ఆయనను అడగండి.

ఆదివారం పొద్దున కాగితం పీకేశాం. జిగురుతో పాటు సిరా కూడా లేచిపోయింది, కింద మరక తప్ప ఏమీ లేదు. కవిత అచ్చు గుద్దినట్టు అందంగా ‘ఏడు, కొబ్బరికాయ కొట్టాలి’ అని రాసింది. చైత్ర వచ్చింది. చూసింది. తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగింది. కవిత మళ్లీ రాసింది, ఈసారి ఇంకా పెద్దగా. పిల్ల చూడను కూడా చూడలేదు.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. “దానికి గా అక్షరాలు గావు. నీ అక్షరాలు గావాలె” అన్నాడు నాతో.

నా అక్షరాలా? నా అక్షరాలు ఎట్లా ఉంటాయో చెప్పనే లేదు కదా. బెదిరిన ఎడ్లు దున్నిన చాలులాగా ఉంటాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి, చివరిది కాగితం దాటి గోడ మీద. కవిత కొత్త ముక్క అంటించి పెన్ను నా చేతికిచ్చింది. చైత్రను పిలిచి స్టూలు మీద నిలబెట్టాను. “తప్పు నాదే బిడ్డా. నీకు చెప్పకుండ తీసేసిన. నువ్వు సూస్తుండంగ మల్ల రాస్తున్న” అన్నాను. నాలుక బయటపెట్టి, పావుగంట. పిల్ల నా పెన్ను ములికి దగ్గర ముక్కు పెట్టి ఒక్కో అక్షరం చూసింది. బొమ్మ కూడా వేశాను. బోడిగుండు సర్పంచి తిరిగి వచ్చాడు.

“ఏడోది వచ్చింది” అంది చైత్ర. బ్రష్షు అందుకుంది.

ఇన్నేళ్లలో నా రాతను చూసి నవ్వినవాళ్లే గాని, నా రాత కావాలని మంకుపట్టు పట్టినవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజు బండ మీద కొట్టిన కాయ సరిగ్గా రెండు చిప్పలైంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కొట్టాను కాబట్టి అది ఎట్లా పగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం మా ఆయనను కూడా వెంటబెట్టుకుని దవాఖానకు బయలుదేరాం. కవిత చేతిలో చుట్ట చుట్టిన చార్టు, చైత్ర చేతిలో బ్రష్షు, నా సంచిలో పీచు తీసిన కాయ. డాక్టరమ్మ ఏమీ అడగకుండా చార్టును కుర్చీ ఎదురుగా అంటించనిచ్చింది. పెద్ద లైటు ఆర్పేసి చిన్నది పెట్టింది. కవిత పిల్ల అరచేతులు ఒత్తింది. చైత్ర చదువుకుంటూ కుర్చీలోనే తోముకుంది. మూడు, పై పళ్లు పది. నాలుగు, కింది పళ్లు పది. డాక్టరమ్మ తన చిన్న కుంచె చూపించి, “ఇది గూడ బ్రష్షేరా. పది లెక్కపెడ్త, ఆపేస్త” అంది. అడిగింది, ఆగింది.

ఆ కాసేపు మా ఆయన మీసాలు కూడా కదలలేదు.

చైత్ర నోరు తెరిచింది. మామూలుగా కాదు, పూడిక తీసిన బావిలాగా తెరిచింది. డాక్టరమ్మ పుచ్చు మీద మందు పూసి పది దాకా లెక్కపెట్టి, మాట ప్రకారం ఆపేసింది. ఆరు నెలలకోసారి చూపిస్తే చాలని, హైదరాబాద్ మాటే అవసరం లేదని చెప్పింది. కవిత వెంటనే మహేశ్‌కు ఫోన్ కలిపింది.

చైత్ర ఉమ్మింది. నోరు కడుక్కుంది. రెండు చెవులూ మూసుకుని డాక్టరమ్మ వైపు చూసింది.

“ఏడోది.”

“ఏడోది ఏందమ్మా?” అని డాక్టరమ్మ నన్ను అడిగింది. నేను సంచిలోంచి కాయ తీశాను. ఆమె కాయను చూసింది, కొత్తగా వేయించిన నున్నటి నేల బండలను చూసింది, మళ్లీ కాయను చూసింది. “బయట మెట్ల మీద కొట్టుండ్రి” అంది చివరికి.

అందరం బయటికి నడిచాం. డాక్టరమ్మ, నర్సు, వరసలో కూర్చున్న రోగులు కూడా దవడలు పట్టుకుని లేచి వచ్చారు. ఒక్క దెబ్బకు కాయ రెండు చిప్పలైంది. చైత్ర చెవుల మీంచి చేతులు తీసి, వీధంతా వినపడేట్టు, “అయిపోయింది” అంది. దాని నోట అంత పెద్ద మాట మేం ఎప్పుడూ వినలేదు. తలా ఒక ముక్క పంచాను, పళ్ల దవాఖాన అని మరిచిపోయి. నమలలేనివాళ్లు కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నారు.

మేం ఆటో ఎక్కుతుంటే, పాపన్నపేట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, బుగ్గ బూరెలాగా వాచి ఉంది, నా కొంగు పట్టుకున్నంత పని చేశాడు.

“అమ్మా, కాయ పన్ను తీయకముందు కొట్టాల్నా, తీసినంక కొట్టాల్నా?”

“గది మా పిల్ల లెక్క అన్నా. మీకెందుకు?”

“లోపలికి పోయినోళ్లల్ల నవ్వుకుంట వచ్చినోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న” అని, కొడుకును కాయ కోసం బజారుకు తరిమాడు.

తర్వాత ఏమైందో ఊహించుకోండి. పాపన్నపేట ఆయనకు నొప్పి తెలియకుండా పన్ను వచ్చేసిందట. అది శివ్వంపేట దాకా పాకింది. ఒక నెల తిరిగేసరికి ఆ మెట్ల మీద నడవాలంటే కొబ్బరి పెంకులు గుచ్చుకునేవి. మూల పన్ను తీయించుకునేవాళ్లు రెండు కాయలట. మాకు మాత్రం అప్పట్లో ఏ సంగతీ తెలియదు, ఇంట్లో మా కాయలు మాకే సరిపోతున్నాయి.

ఆరు నెలలకు మళ్లీ పోయాం. దవాఖాన గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద బోర్డు. చైత్ర దాని ముందు ఆగి చదివింది.

“ఇక్కడ కొబ్బరికాయలు కొట్టరాదు.”

మళ్లీ చదివింది. నా సంచిలో కాయకు చెమటలు పట్టాయి. పిల్ల లోపలికి పోయింది, కుర్చీ ఎక్కింది, నోరు తెరిచింది, చూపించుకుంది, ఉమ్మింది, కడుక్కుంది. చెవులు మూసుకోలేదు. బోర్డు వైపు వేలు చూపించి, “అయిపోయింది” అని దిగి వచ్చేసింది. థెరపీ మేడం, కోడలు, నేను, మా ఆయన, ఇంతమందిమి కొద్దికొద్దిగా ఎట్లా తీయాలా అని తలలు పట్టుకున్న ఏడో మెట్టును ఒక్క బోర్డు దించేసింది. రాసి ఉంది కదా మరి.

నేను ఆటోలోనే పండగ చేసుకున్నాను. ఇక రేపటి నుంచి పచ్చడి లేదు, లౌజు లేదు.

ఇంటికి రాగానే చైత్ర నా పెన్ను అడిగింది. అడగడమే గొప్ప అనుకుని ఇచ్చేశాను. వాకిట్లోకి పోయి, గడప పక్కన గోడ మీద, నా అక్షరాలకంటే వందరెట్లు అందంగా రాసింది. ‘ఇక్కడ కొబ్బరికాయలు కొట్టరాదు.’

ఇప్పుడు దానికి పదకొండేళ్లు. రెండు పూటలా తానే తోముకుంటుంది, కొత్త పుచ్చు ఒక్కటి లేదు, డాక్టరమ్మ కుర్చీ ఎక్కి ఆమెకే అంకెలు లెక్కపెట్టి చూపిస్తుంది. ఆ గోడ రాత మాత్రం అట్లాగే ఉంది, రాసినదాన్ని చెప్పకుండా తుడిచే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. మొన్న మహేశ్ స్కూటర్ కొంటే కూడా అందరం కాయ పట్టుకుని సుగుణ వాకిలికి పోయాం. “రాండ్రి రాండ్రి, పండ్లు తోముకున్నరా” అని స్వాగతం చెప్పింది.

కాబట్టి నా నోట్లో ఇంకా ఊడని పళ్ల సాక్షిగా అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి చార్టులోనైనా, ఎంత జాగా వదిలినా, ఆ చార్టు పాటించాల్సిన మనిషిని అడగకుండా ఒక్క అక్షరం రాయను, ఒక్క అక్షరం చెరపను. ఇంత గట్టి ప్రమాణానికి ఒక కాయ కొట్టాలని ఉంది. మా ఇంట్లో కుదరదు, సుగుణను అడిగి వస్తాను.